బొటనవేలి గోరు కండలోకి దిగింది, పరుగు పరీక్షకు ఏడు వారాలే ఉంది. ఇంట్లో ఏం చేయొచ్చు?

పరుగు1600 (కర్నూలు)
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీసు చేస్తున్నాను. 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు పూర్తి చేయాలి. నెల కిందట ఒక ఫ్రెండ్ తన రన్నింగ్ షూస్ ఇచ్చాడు. అవి నాకు కొంచెం బిగుతు, వేళ్ళు ముందుకు ఆనేవి. అయినా వాటితోనే రోజూ తెల్లవారుజామున పరుగెత్తాను. పది రోజుల కిందట కుడికాలి బొటనవేలు, రెండో వేలి వైపు మూల సలపడం మొదలైంది. గోరు గుచ్చుకుంటోందని ఆ మూల బ్లేడుతో లోతుగా కోసేశాను. రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు నుంచి ముందుకన్నా ఎక్కువైంది. ఇప్పుడు ఆ పక్క కండ ఎర్రగా ఉబ్బి గోరు మీదికి వచ్చింది. రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నాను.

అమ్మ పసుపు, ఆముదం కలిపి పెడుతోంది. రూములో ఉండే అన్న గోరు మధ్యలో 'వి' ఆకారంలో కోయమంటున్నాడు. ఇంకొకరు గోరు పీకేస్తారు, ఆరు నెలలు పరుగు ఉండదు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మందుల షాపులో అడిగితే మాత్రలు ఇచ్చారు, ఇంకా వేసుకోలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

బుడ్డలచేను (అనంతపురం)
ఆదివారం, రాత్రి 9:58

తమ్ముడూ, ఇది గోరుచుట్టు. మా జేజి అయితే నిమ్మకాయకు బొక్క పెట్టి, అందులో కొంచెం ఉప్పు, పసుపు వేసి వేలికి తొడిగేది. రాత్రంతా ఉంచితే తెల్లారికి సలుపు తగ్గేది. బొటనవేలికి పెద్ద కాయ చూసుకో.

కడప_కోడలు (ప్రొద్దుటూరు)
ఆదివారం, రాత్రి 10:15

మధ్యలో 'వి' కోయడం నిజంగా పనిచేస్తుంది. మా మామగారు ఏళ్ళ తరబడి అలాగే చేస్తున్నారు. మధ్యలో ఖాళీ ఉంటే గోరు ఆ ఖాళీని పూడ్చుకోవడానికి లోపలికి లాక్కుంటుంది, అంచులు కండను వదిలేస్తాయి. ఇంటి పెద్దలు ఊరికే చెప్పరు కదా.

డ్రెస్సింగ్_అక్క (కడప)
ఆదివారం, రాత్రి 11:20

తమ్ముడూ, నేను నర్సును. పన్నెండేళ్ళుగా డ్రెస్సింగ్ రూములో పని చేస్తున్నాను. నీలాంటి వేళ్ళు వారానికి రెండు మూడు చూస్తాను. ఎక్కువమంది ఇంటర్, డిగ్రీ పిల్లలు, లేదా రోజంతా బూట్లు వేసుకునే ఉద్యోగాల వాళ్ళు. ఇంట్లో ఏం చేయాలో చెప్పే ముందు కొన్ని అడగాలి, ఏదీ దాచకుండా చెప్పు. షుగర్ ఉందా? ఎప్పుడైనా టెస్టు చేయించుకున్నావా? చీము కనిపిస్తోందా? ఉబ్బిన కండ మీద పచ్చిగా, తాకితే రక్తం కారే ఎర్రటి ముద్ద ఏమైనా లేచిందా? ఎరుపు వేలి దాకానే ఉందా, పాదం మీదికి పాకుతోందా? జ్వరం, గజ్జల్లో బిళ్ళ కట్టడం లాంటివి ఉన్నాయా? టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావు?

ఇంకో మాట. ఇది, గోరుచుట్టు ఒకటి కాదు. గోరుచుట్టులో గోరు చుట్టూ ఉన్న చర్మంలోకి క్రిములు చేరి చీము పడుతుంది. నీకు జరిగింది వేరు. గోరు మూల కోసినప్పుడు బ్లేడు అందని చోట ఒక చిన్న ముల్లులాంటి ముక్క మిగిలిపోతుంది. గోరు ముందుకు పెరిగే కొద్దీ ఆ ముక్క కండలోకి దూసుకుపోతుంది. రెండు రోజులు హాయిగా ఉండి మూడో రోజు ఎక్కువైందని నువ్వు రాసింది సరిగ్గా దీని లక్షణమే. తుమ్మముల్లు కాల్లో విరిగితే పైన ఏం పూసినా ముల్లు బయటికి వచ్చేదాకా సలుపు పోదు కదా. ఇక్కడ ఆ ముల్లు మన గోరే.

కాబట్టి దయచేసి ఆ మూల మళ్ళీ కోయకు. బ్లేడు, పిన్నీసు, సూది ఏదీ పెట్టకు. మిగతాది నీ జవాబు చూసి రాస్తాను.

పరుగు1600
సోమవారం, ఉదయం 6:05

అక్కా, అంత రాత్రి కూర్చుని రాశారు, చాలా థాంక్స్. షుగర్ లేదు, మూడు నెలల కిందట రక్తదానం క్యాంపులో పరీక్ష చేశారు. చీము కనిపించడం లేదు, నొక్కితే నీరులాంటిది కొంచెం వస్తోంది. ఎర్రముద్ద లేదు. ఎరుపు గోరు పక్కనే ఉంది. జ్వరం లేదు. టీటీ ఎప్పుడో పదో తరగతిలో వేయించుకున్నాను, ఏడేళ్ళయింది.

డ్రెస్సింగ్_అక్క
సోమవారం, మధ్యాహ్నం 2:30

సరే, అయితే నీది మొదటి దశలోనే ఉంది. కొన్నాళ్ళు ఇంట్లో చూసుకోవచ్చు. టీటీ మాత్రం ఈరోజే మీ దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి వేయించుకో. మట్టి గ్రౌండులో పరుగెత్తేవాడివి, పుండు ఉంది, ఐదేళ్ళు దాటింది కాబట్టి అవసరం.

ఒక బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి, లీటరుకు రెండు చెంచాల కల్లుప్పు వేసి కరిగించు. మోచేయి ముంచి చూస్తే సుఖంగా ఉండాలి, చురుక్కుమనకూడదు. అందులో పాదం పదిహేను ఇరవై నిమిషాలు పెట్టు. ఇలా రోజుకు మూడుసార్లు, కుదిరితే నాలుగుసార్లు. ఉప్పులో మహిమ ఏమీ లేదు, నానడమే ముఖ్యం. గోరు మెత్తబడుతుంది, పక్క కండ వదులవుతుంది. తర్వాత శుభ్రమైన బట్టతో వేళ్ళ సందుల దాకా తడి లేకుండా అద్దు. తడిగా వదిలేస్తే చర్మం చివికి గోరు ఇంకా సులువుగా దిగుతుంది.

ఆరిన వెంటనే, కండ మెత్తగా ఉన్నప్పుడే, సబ్బుతో కడిగిన చేతివేలితోగానీ ఇయర్‌బడ్‌తోగానీ ఉబ్బిన కండను గోరు నుంచి దూరంగా, కిందికీ పక్కకీ మెల్లగా నెట్టు. నొప్పి ఉంటుంది, కానీ భరించేంతలోనే ఆపాలి. రెండు మూడు రోజులు ఇలా చేశాక గోరు మూల కొద్దిగా కనిపించడం మొదలవుతుంది. అప్పుడు దూది. మందుల షాపులో దొరికే శుభ్రమైన దూది నుంచి నాలుగు పోగులు తీసి, దీపం వత్తిలా, కానీ దానికన్నా సన్నగా, బియ్యపు గింజ పొడవున పేను. దాన్ని గోరు మూల కిందికి పక్క నుంచి జరుపు. గోరు అంచుకీ కండకీ మధ్య ఆ దూది మెత్తలా ఉండి, గోరును కాస్త పైకి లేపి పెడుతుంది. ప్రతిరోజూ స్నానం తర్వాత పాతది తీసి కొత్తది పెట్టాలి. పాతది రెండు రోజులు ఉంచితే అదే క్రిములకు ఇల్లవుతుంది. మొదటి రోజు లోపలికి పోకపోతే బలవంతం చేయకు, మరుసటి రోజు నానబెట్టాక మళ్ళీ చూడు.

పైన కొంచెం వాజలిన్ రాసి, గాజుగుడ్డ చుట్టి వదులుగా ప్లాస్టర్ వేసుకో. నొప్పికి పారాసిటమాల్ చాలు. షాపులో ఇచ్చిన మాత్రలు యాంటీబయాటిక్ అయితే డాక్టరు చెప్పకుండా వాడకు. ముల్లు అలాగే ఉంచి యాంటీబయాటిక్ మింగితే కోర్సు అయిపోగానే చీము మళ్ళీ వస్తుంది, ఇది నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. డెట్టాల్ నీళ్ళు కలపకుండా పోయడం, హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోయడం కూడా వద్దు. కొత్తగా వచ్చే చర్మాన్ని అవే కాల్చేస్తాయి.

బూట్లు పూర్తిగా ఆపెయ్. ముందు తెరిచి ఉండే చెప్పులు వేసుకో. పరుగు కూడా పది రోజులు ఆపాలి, ఇది నీకు నచ్చదని తెలుసు.

కడప_కోడలు
సోమవారం, మధ్యాహ్నం 3:10

సిస్టర్ గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ 'వి' కోత గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. మా మామగారికి నొప్పి రాలేదన్నది కళ్ళారా చూస్తున్నాను.

డ్రెస్సింగ్_అక్క
సోమవారం, రాత్రి 10:45

నిజమేనమ్మా, రాయాల్సింది. ఆషాఢంలో మనం గోరింటాకు పెట్టుకుంటాం కదా, గోళ్ళు మొత్తం ఎర్రగా పండుతాయి. నెల తిరిగేసరికి గోరు మొదట్లో ఎరుపు లేని కొత్త గోరు నెలవంకలా కనిపిస్తుంది. దసరాకి ఎరుపు కొసలో మాత్రమే మిగులుతుంది. అంటే గోరు పుట్టేది చర్మం కింద ఉన్న మొదట్లోనే. కొస దాకా వచ్చిన భాగం ముందుకు జరగడం తప్ప ఇంకేమీ చేయదు, దానికి ప్రాణం లేదు. మధ్యలో గాటు పెడితే గోరుకు తెలియదు, పూడ్చుకోవాలని పక్కల నుంచి లాక్కోదు. మీ మామగారికి నొప్పి రాకపోవడానికి ఆయన మూలలు కోయకుండా వదిలేయడమే కారణం అయి ఉంటుంది. మధ్యలో కోసే ధ్యాసలో మూలలు బతికిపోతాయి. ఒకసారి ఆయన పాదం చూడండి, మూలలు నిటారుగా ఉన్నాయో లేదో.

ఇంకోటి, కాలిగోరు చేతిగోరులో సగం వేగంతోనే పెరుగుతుంది, నెలకు ఒకటిన్నర మిల్లీమీటరు దగ్గర దగ్గర. అందుకే తమ్ముడికి వారంలో తగ్గిపోతుందని చెప్పలేను. నొప్పి వారంలో తగ్గుతుంది. మూల కండ అంచు దాటి బయటికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అన్నాళ్ళూ దానిని కాపాడుకోవాలి.

కడప_కోడలు
మంగళవారం, ఉదయం 7:30

ఇప్పుడే చూశాను. మీరు చెప్పినట్టే మూలలు వేలి చివర దాకా నిటారుగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ మేము తప్పు కారణం చెప్పుకుంటున్నాం. గోరింటాకు మాట అర్థమైంది. మా అబ్బాయికి నేను గుండ్రంగా, లోతుగా కోస్తున్నాను, ఈ వారం నుంచి మానేస్తాను.

తాడిపత్రి_పాలిష్ (తాడిపత్రి)
మంగళవారం, రాత్రి 8:50

నాకు ఇది రెండేళ్ళ కిందట వచ్చింది. నాపరాళ్ళ పాలిష్ పని మాది. మిషను నీళ్ళల్లో రోజుకు తొమ్మిది గంటలు గమ్‌బూట్లలో నిలబడాలి. బూటు లోపల పాదం ఎప్పుడూ నానిపోయే ఉంటుంది. రెండు బొటనవేళ్ళూ పట్టుకున్నాయి. నాకు దూది పెట్టడం చేతకాలేదు, చేతులు మొరటు. ప్లాస్టర్‌తో లాగే పద్ధతి ఒక ఫిజియో చెప్పాడు, అది నాకు బాగా పనికొచ్చింది కాబట్టి రాస్తున్నాను.

వేలు బాగా తుడిచి ఆరాక, అర అంగుళం వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు బట్ట ప్లాస్టర్ తీసుకోవాలి. ఒక కొసను ఉబ్బిన కండ మీద, గోరుకు ఆనుకుని, గోరు మీదికి పోకుండా అంటించాలి. గట్టిగా అతికాక కండను గోరు నుంచి దూరంగా లాగుతూ ప్లాస్టర్‌ను వేలి కింది నుంచి ఏటవాలుగా తిప్పి, వేలి మొదలు మీదికి తెచ్చి అంటించాలి. ఉంగరంలా చుట్టూ బిగించకూడదు, రక్తం ఆగుతుంది. వేలు తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే విప్పాలి. సరిగ్గా వేస్తే గోరు పక్కన చిన్న సందు కనిపిస్తుంది, అక్కడ గాలి ఆడుతుంది. నేను రోజూ మార్చేవాణ్ణి. చెమటకు ఊడిపోతుంది, అదొక్కటే ఇబ్బంది.

పనిలో మధ్యాహ్నం బూట్లు విప్పి, సాక్సు మార్చి, అరగంట ఎండలో కాళ్ళు పెట్టుకునేవాణ్ణి. మేస్త్రీ మొదట అరిచాడు, తర్వాత అందరికీ అలవాటైంది. పది వారాలు పట్టింది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

నల్లరేగడి (ఆదోని)
బుధవారం, రాత్రి 11:05

ఈ చర్చ మొదటి నుంచి చదివాను. నేను రాయబోయేది పరుగు తమ్ముడి కోసం కాదు, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళ కోసం.

మా నాయనకు అరవై ఒకటి. షుగర్ పదిహేనేళ్ళుగా ఉంది. పోయిన చలికాలం ఆయనకూ బొటనవేలి గోరు ఇలాగే దిగింది. నొప్పి పెద్దగా లేదు అన్నాడు. నొప్పి లేదంటే చిన్నదే అనుకున్నాం. అది మా మొదటి తప్పు. దగ్గర్లో ఒక క్లినిక్‌లో ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపారు, షుగర్ ఎంతుందని అడగలేదు. ఎవరో వేడినీళ్ళల్లో పెట్టమంటే అమ్మ కాచిన నీళ్ళు తెచ్చింది. ఆయన కాలు పెట్టాడు, బాగుంది అన్నాడు, పది నిమిషాలు ఉంచాడు. తీసేసరికి పాదం మీద బొబ్బలు. ఆయనకు వేడి తెలియలేదు. పాదంలో స్పర్శ ఎప్పుడో పోయిందని మాకు ఆ రోజు తెలిసింది.

బొబ్బలు పగిలి పుండ్లయ్యాయి. వేలు నల్లబడింది. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి బొటనవేలు తీసేయక తప్పలేదు. ఇరవై మూడు రోజులు అక్కడే ఉన్నాం. ఇప్పుడు కర్ర పట్టుకుని చేనుగట్టు దాకా నడుస్తున్నాడు. అమ్మ ఇప్పటికీ ఆ నీళ్ళ చెంబు ముట్టదు. గోరుచుట్టు మీద రోకలి పోటు అంటారు, మాకు ఆ మాట వింటే వేరేలా ఉంటుంది.

సిస్టర్ గారు మోచేయి ముంచి చూడమన్నది అందరూ మళ్ళీ చదవండి. షుగర్ ఉన్నవాళ్ళకు అది కూడా వద్దు, నేరుగా ఆసుపత్రికే పోండి.

కొండారెడ్డిబురుజు (కర్నూలు)
బుధవారం, రాత్రి 11:40

చదువుతుంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది అన్నా. మా అమ్మకు షుగర్ ఎనిమిదేళ్ళు. ఆమెకు కూడా ఎడమ వేలి గోరు పక్కన నెల నుంచి ఎర్రగా ఉంది. నొప్పి లేదంటోంది. స్పర్శ ఉందో లేదో ఇంట్లో తెలుసుకోవచ్చా?

డ్రెస్సింగ్_అక్క
గురువారం, ఉదయం 5:50

నల్లరేగడి గారూ, మీ అమ్మగారికి చెప్పండి, తప్పు ఆమెది కాదు. స్పర్శ సంగతి ముందే పరీక్షించి చెప్పాల్సింది మాలాంటివాళ్ళం. పదిహేనేళ్ళ షుగర్ ఉన్న మనిషి పాదాన్ని ఏడాదికొకసారైనా చూసి ఉండాల్సింది.

కొండారెడ్డిబురుజు, మీకు. అమ్మను పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసతో ఆమె కాలి బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒక్కొక్కటిగా ఒకటి రెండు సెకన్లు ఊరికే తాకండి. నొక్కకూడదు, గీరకూడదు. తాకినప్పుడల్లా కుడి, ఎడమ అని చెప్పమనండి. రెండు పాదాల్లో కలిపి ఆరు చోట్లు. రెండు చోట్లో, అంతకన్నా ఎక్కువ చోట్లో తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. ఆసుపత్రిలో సన్నటి నైలాన్ దారం ఆనించి ఇంకా సరిగ్గా చూస్తారు.

కానీ ఈ పరీక్షలో అన్నీ తెలిసినా మీరు ఆగొద్దు. షుగర్ ఉండి, నెల నుంచి ఎర్రగా ఉండి, నొప్పి లేదంటే రేపు కాదు, ఈరోజే చూపించాలి. దూది, నానబెట్టడం, ప్లాస్టర్ ఏదీ ఇంట్లో వద్దు. కాళ్ళలో రక్తప్రసరణ తక్కువని చెప్పినవాళ్ళకు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ళకు, కీమో తీసుకునేవాళ్ళకు కూడా ఇదే మాట.

పాత_డ్రిల్లు_సారు (అనంతపురం)
గురువారం, సాయంత్రం 6:20

ముప్పై ఏళ్ళు పిల్లలను పరుగెత్తించాను నాయనా. బూటు సాయంత్రం పూట కొనాలి. పొద్దంతా నిలబడి తిరిగాక పాదం ఉబ్బుతుంది, పరుగులో కూడా అలాగే ఉబ్బుతుంది. పరుగుకు వేసుకునే సాక్సుతోనే వేసి చూడు. నిలబడినప్పుడు అన్నిటికన్నా పొడవైన వేలికీ బూటు ముందుభాగానికీ మధ్య నీ బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కొంతమందికి రెండోవేలు పొడవు, దాన్నిబట్టి చూసుకో. లేసు వేళ్ళ దగ్గర వదులుగా, చీలమండ దగ్గర బిగుతుగా కట్టాలి. పాదం వెనక పట్టు దొరికితే ముందుకు జారి గోరు గుద్దుకోదు. ఇది ఎవరూ నేర్పరు, అందరూ ముందు బిగించి వెనక వదిలేస్తారు.

పది రోజులు పరుగు ఆపితే దమ్ము పోతుందని భయపడకు. మడమతో సైకిల్ తొక్కు, రోజుకు నలభై నిమిషాలు. గుంజీలు తీయి. ఏడు వారాల్లో పది రోజులు పోయినా నాలుగు రౌండ్లు ఎక్కడికీ పోవు. నొప్పితో పరుగెత్తితే అడుగు వంకరపడి మోకాలు పట్టుకుంటుంది, అప్పుడు ఏడు వారాలూ పోతాయి.

పరుగు1600
శుక్రవారం, రాత్రి 9:15

సార్, అక్కా, అందరికీ. టీటీ వేయించుకున్నాను. రోజుకు మూడుసార్లు నానబెడుతున్నాను. రెండో రోజుకే దుప్పటి తగిలితే వచ్చే నొప్పి పోయింది. దూది నిన్న మొదటిసారి లోపలికి పోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ పెట్టాక పది నిమిషాల్లో సలుపు తగ్గింది. అమ్మే పేనింది, రోజూ దేవుడికి వత్తులు చేసే చెయ్యి కదా, నాకన్నా సన్నగా వచ్చింది.

బుడ్డలచేను
శుక్రవారం, రాత్రి 9:50

తమ్ముడికి తగ్గుతోందంటే సంతోషం. అక్కా, నిమ్మకాయ సంగతి అడగాలి. మా జేజి చేసింది తప్పా? మాకు నిజంగా తగ్గేది.

డ్రెస్సింగ్_అక్క
శుక్రవారం, రాత్రి 11:10

తప్పు అనను అన్నా. చేతివేలి గోరుచుట్టు చాలావరకు నాలుగైదు రోజుల్లో తనంతట తనే పక్వమై చీము కారిపోతుంది, కారగానే సలుపు పోతుంది. నిమ్మకాయ తొడిగి వేలిని కదలకుండా ఉంచడం కూడా కొంత హాయినిస్తుంది. గోరు గుచ్చుకున్న కాలివేలికి మాత్రం అది సరిపోదు. తెరుచుకున్న పచ్చిపుండులో పులుపు పడితే మండుతుంది, రాత్రంతా తడిలో ఉంటే చర్మం చివుకుతుంది. పసుపు పైన రాసుకోవడంతో పెద్ద నష్టం లేదు, కానీ సందులో కూరొద్దు. అది అట్టకట్టి, కింద చీముందో లేదో మాకు కనిపించదు.

ఉరవకొండ_అమ్మ (ఉరవకొండ)
ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఆపరేషన్ అంటే భయపడేవాళ్ళ కోసం మా అబ్బాయి సంగతి రాస్తాను. హాస్టల్ కాలేజీలో ఇంటర్ చదివేవాడు, పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా బూట్లే. నొప్పి అని ఫోనులో చెప్పేవాడు, మేము చదువు ఎగ్గొట్టడానికి అనుకున్నాం. ఇంటికొచ్చినప్పుడు సాక్సు విప్పితే గోరు పక్కన రేగుపండంత ఎర్రటి ముద్ద, ముట్టుకుంటే రక్తం. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఒకచోట గోరు మొత్తం పీకేశారు. ఎనిమిది నెలలకు కొత్త గోరు వచ్చి మళ్ళీ అలాగే దిగింది. ఇంకోచోట మళ్ళీ పీకారు, మళ్ళీ వచ్చింది. మూడోసారి అనంతపురంలో ఒక సర్జన్ దగ్గరికి వెళ్తే ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. గోరు మొత్తం తీయాల్సిన పని లేదట. గుచ్చుకునే అంచు మూడు నాలుగు మిల్లీమీటర్లు నిలువుగా కోసి తీసేసి, ఆ అంచు పుట్టే వేరు దగ్గర ఫినాల్ అనే మందు అద్దితే ఆ పక్క గోరు ఇక మొలవదట. వేరును వదిలేసి గోరు మాత్రం పీకితే అదే గోరు మళ్ళీ వస్తుందని అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు.

వేలి మొదట్లో రెండు పక్కలా మత్తు ఇంజెక్షన్లు చేశారు. అదొక్కటే నొప్పి, గట్టిగా మండింది అన్నాడు. తర్వాత ఏమీ తెలియలేదు. అరగంటలో అయిపోయింది, ముందు తెరిచిన చెప్పులేసుకుని నడిచే బయటికి వచ్చాడు. మూడు వారాలు నీరు కారింది, రోజూ కట్టు మార్చాను. ఇప్పుడు ఏడాదిన్నర అయింది. గోరు కాస్త సన్నగా ఉంది, తేడా మాకు తప్ప ఎవరికీ తెలియదు. పిల్లలు కాలు నొప్పి అంటే ఫోనులోనే తేల్చేయకండి, సాక్సు విప్పి చూడండి.

పరుగు1600
బుధవారం, రాత్రి 8:00

అక్కా, తప్పు చేశాను. నొప్పి తగ్గిందని సోమవారం, నిన్న రెండు రోజులు బూట్లేసుకుని ఐదు కిలోమీటర్లు పరుగెత్తాను. ఈరోజు పొద్దున దూది తీస్తే పచ్చగా చీము, వాసన కూడా. మళ్ళీ సలుపు మొదలైంది. జ్వరం లేదు. ఎరుపు వేలి మొదటి కణుపు దాకా వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి నానబెట్టనా?

డ్రెస్సింగ్_అక్క
బుధవారం, రాత్రి 8:25

వద్దు తమ్ముడూ. ఇప్పుడు ఇంటి వైద్యం హద్దు దాటింది. చీము పట్టి, ఎరుపు పాకుతోంది కాబట్టి రేపు పొద్దున పెద్దాసుపత్రి సర్జరీ ఓపీకి వెళ్ళు, ఎనిమిదిన్నరకల్లా చీటీ రాయించుకో. ఈ రాత్రి దూది పెట్టకు, వదులుగా గాజుగుడ్డ వేసి, పడుకున్నప్పుడు కాలు రెండు దిండ్ల మీద ఎత్తుగా పెట్టుకో. రాత్రిలో చలిజ్వరం వచ్చినా, పాదం మీద నుంచి కాలు పైకి ఎర్రటి గీత కనిపించినా తెల్లారేదాకా ఆగకు, క్యాజువాలిటీకి వెళ్ళు. రాసి మంచి పని చేశావు. దాచుకునేవాళ్ళకే ఎక్కువ నష్టం.

పరుగు1600
శుక్రవారం, మధ్యాహ్నం 1:15

నిన్న వెళ్ళాను. సర్జన్ చూసి గోరు మొత్తం తీయక్కర్లేదన్నారు. మత్తు ఇచ్చి మూల ఏటవాలుగా కోసి, లోపల ఇరుక్కున్న ముక్కను చిమటాతో తీసి గాజుగుడ్డ మీద పెట్టి చూపించారు. అక్కా, సజ్జగింజంత కూడా లేదు. నేను బ్లేడుతో కోసినప్పుడు మిగిలిపోయిన ముక్కే అది, ఒక పక్క వాడిగా ఉంది. ఇన్నాళ్ళూ నన్ను కుంటించింది అదే. ఎరుపు పాకింది కాబట్టి ఐదు రోజులు యాంటీబయాటిక్ రాశారు. మళ్ళీ మళ్ళీ వస్తే అప్పుడు ఫినాల్ సంగతి చూద్దాం అన్నారు. గోరు పెరిగేటప్పుడు మూల కండలోకి దిగకుండా, పుండు మానాక దూది కొనసాగించమన్నారు. రెండు వారాలు పరుగు లేదు.

కొండారెడ్డిబురుజు
శుక్రవారం, సాయంత్రం 5:40

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆరు చోట్లలో మూడు చోట్ల ఆమెకు తెలియలేదు. నాకు చేతులు వణికాయి. అదే రోజు తీసుకెళ్ళాం. గోరు అంచు కింద చీముంది, బయటికి కనిపించలేదు. షుగర్ 310 ఉంది. ఇన్సులిన్ మొదలుపెట్టారు, అంచు తీశారు, రక్తప్రసరణ బాగానే ఉందన్నారు. రోజు విడిచి రోజు కట్టు. వేలికి ప్రమాదం లేదని నిన్న చెప్పారు. నల్లరేగడి అన్నా, మీరు ఆ రాత్రి రాయకపోయి ఉంటే మేము ఇంకో నెల ఊరుకునేవాళ్ళం. నాయనకు మా అమ్మ నమస్కారాలు చెప్పమంది.

నల్లరేగడి
శుక్రవారం, రాత్రి 10:30

నాయనకు చదివి వినిపించాను. రెండుసార్లు చదవమన్నాడు. అమ్మ పక్కనే కూర్చుని వింది.

తాడిపత్రి_పాలిష్
శనివారం, ఉదయం 6:40

పరుగు తమ్ముడూ, పుండు మానాక దూది చేతకాకపోతే ప్లాస్టర్ పద్ధతి చెయ్. రెండూ కలిపి కూడా చేయొచ్చు. గోళ్ళు కోసేటప్పుడు స్నానం అయ్యాక మెత్తగా ఉన్నప్పుడు, అడ్డంగా, వేలి చివరకు సమానంగా కోసుకో. మూలలు కోయకు, పదునుగా ఉంటే ఆకురాయితో కొంచెం రుద్దు. నేను బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకున్నాను.

పరుగు1600
నాలుగు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 8:10

ఈరోజు తెల్లవారుజామున నాలుగు రౌండ్లు పూర్తిగా పరుగెత్తాను, 7 నిమిషాల 20 సెకన్లు. వేలు నొప్పి లేదు. సారు చెప్పినట్టు సాయంత్రం పూట కొన్న బూట్లు, వెనక బిగించి ముందు వదిలిన లేసు. గోరు మూల ఇంకా కండ అంచు దాటలేదు, కొంచెం దూరమే ఉంది. ఈవెంట్స్ వచ్చే ఆదివారం. దూది అమ్మ రోజూ పేని పెడుతూనే ఉంది, ఆ రోజు పొద్దున కూడా మార్చుకునే వెళ్తాను.